బొట్టు పెట్టిన బ్యాటరీ

ఆయుధపూజ నాడు మూలపేటలో మా పికప్ బండిని చూసినవాళ్లెవరూ దాని యజమానిని బద్ధకస్తుడనుకోరు. అద్దానికి గంధం, బంపరుకి బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయతో దిష్టి. అక్కడితో ఆగను. బానెట్ ఎత్తి బ్యాటరీక్కూడా పసుపు రాసి, మీదున్న ఆరు మూతలకీ ఆరు కుంకుమ బొట్లు పెడతాను. ఆ మూతలు తిప్పితే ఊడతాయనీ, లోపల నీళ్లుంటాయనీ, తగ్గినప్పుడల్లా పోస్తుండాలనీ నాకు తెలియక కాదు. బొట్టు చెరిగిపోతుందని ఎప్పుడో గాని తియ్యలేదు.

ఇదే ఇంట్లో ఇంకో బ్యాటరీ ఉంది. హాల్లో మూలన, ఇన్వర్టరు పక్కన. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరితోటల్ని నేలమట్టం చేసి పోయాక, రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకట్లోంచి బయటపడగానే మా ఆవిడ పట్టుబట్టి కొనిపించింది. దానికి బొట్టూ లేదు, దండా లేదు. గోడ మీది క్యాలెండరులో అక్కడక్కడా ‘నీళ్లు’ అని ఆవిడ దస్తూరీ కనిపిస్తుంది, అంతే. ఆ తేదీ రాగానే టార్చి పట్టుకుని వంగి చూస్తుంది. మట్టం దిగితే డిస్టిల్డ్ వాటర్ పోస్తుంది. మూతలు బిగించి, పైన తడిగుడ్డతో తుడిచి, వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆ బ్యాటరీ ఇంకా బతికే ఉంది. ఈలోగా నా బండికి బ్యాటరీలు మారుతూ వచ్చాయి. మారినప్పుడల్లా నేను మాత్రం, ఈ రోజుల్లో సరుకులో నాణ్యత లేదని అరుగు మీద ఉపన్యాసం ఇచ్చేవాణ్ని.

తిత్లీ రోజుల్లో నేనూ ఒక వెలుగు వెలిగాను, అది చెప్పుకోకపోతే నాకు అన్యాయం చేసుకున్నవాణ్నవుతాను. వీధివీధంతా సెల్‌ఫోన్లు తెచ్చి మా బండిలోనే ఛార్జింగ్ పెట్టుకున్నారు. డీజిలు దొరకదని ఇంజను ఆపేసి మరీ ఛార్జింగ్ ఇచ్చాను. అందరి ఫోన్లూ నిండాయి. బ్యాటరీ ఖాళీ అయింది. ఆ పరోపకారం పేరు చెప్పుకుని బండిలో పెద్ద స్పీకర్లు బిగించాను. బండి నీడన పెట్టి, ఇంజను ఆపి, పాటలు వింటూ కూర్చోవడం నాకు అలవాటైపోయింది. బండి బ్యాటరీ పని పాడటం కాదు. ఇంజను తిరగడానికి ఒక్క క్షణంపాటు రెండు మూడు వందల ఆంపియర్లు విసిరికొట్టడమే దాని పని. అందుకని దాని పలకలు పలచగా, ఎక్కువగా ఉంటాయి. ఇన్వర్టరు బ్యాటరీ పలకలు దళసరివి. అవి గంటల తరబడి కొద్దికొద్దిగా ఇవ్వగలవు. పలచ పలకలవాణ్ని రోజూ అడుగంటా పీల్చి అలాగే వదిలేస్తే, సీసం మీద సల్ఫేటు పేరుకుని గడ్డకడుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా వంటబట్టదు.

దీనికి తోడు మాది సముద్రపు గాలి. నౌపడలో ఉప్పు పండించే గాలి మూలపేటకొచ్చి ఊరుకుంటుందా? మా ఊరి పోర్టుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగాక టిప్పర్ల దుమ్ము కూడా తోడైంది. ఉప్పు తేమ, దుమ్ము కలిసి బ్యాటరీ నెత్తిన పొరలా కట్టి, ప్లస్సు నుంచి మైనస్సుకి దొంగదారి వేస్తాయి. బండి కదలకపోయినా కరెంటు కారిపోతూనే ఉంటుంది. నా పసుపు పూత కూడా దానికి చేతనైన సాయం చేసే ఉంటుంది. టెర్మినల్ చుట్టూ నీలంగా, ఆకుపచ్చగా పిండిలాంటిది పొంగుకొచ్చింది. లోపలి ఆసిడ్ ఆవిరి బయటికొచ్చి క్లాంపులోని రాగిని తింటే పుట్టే మైలుతుత్తం అది. నేను పసుపు బూజు పట్టిందనుకుని, దేవుడి సొమ్ము కదా అని ముట్టుకోలేదు.

తర్వాత వచ్చింది టెక్కలిలో ఓ పెళ్లి.

సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదు. అది చట్టం. పెళ్లికి ఆలస్యమవుతోంది. ఇది మా అత్తగారి మాట. ఆవిడా, వదినలూ, పిల్లలూ పట్టుచీరలు నలగకుండా చాప పరుచుకుని వెనక కూర్చున్నారు. నేను మంచి ప్యాంటూ చొక్కా వేసుకుని, పాట పెట్టుకుని, తాళం తిప్పాను. టక్. మళ్లీ తిప్పాను. టక్ టక్ టక్. పాట మూలుగుతూ ఆగిపోయింది. డ్యాష్‌బోర్డు దీపాలు ఒక్కసారి ఎర్రబడి ఆరిపోయాయి.

“సెల్ఫ్ తీసుకోట్లేదు,” అన్నాను, తప్పు సెల్ఫ్‌దే అన్నట్టు.

అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ అనే ఆయన 1912లో కాడిలాక్ కారుకి ఎలక్ట్రిక్ స్టార్టరు పెట్టించాడు. ఇనప హ్యాండిలు తిప్పితిప్పి చేతులు విరగ్గొట్టుకునే బాధ జనానికి అలా తప్పింది. నూరేళ్లు దాటాక ఆయన శ్రమంతా నేను మా వీధిలో రద్దు చేశాను. హ్యాండిలు కూడా లేని రోజులు కాబట్టి మిగిలింది తోపుడే. రెండో గేరులో పెట్టి, క్లచ్చి తొక్కిపట్టి, నేను దర్జాగా సీట్లో కూర్చున్నాను. వదినలు కుచ్చిళ్లు ఎగదోపుకున్నారు. ఇసుక దారి. చక్రాలు రెండడుగులు ముందుకీ అడుగు వెనక్కీ.

“ఓలమ్మా, ఈ బండి మనల్ని మొయ్యాలా, మనం దీన్ని మొయ్యాలా?” అంది మా అత్తగారు. ఆవిడ తొయ్యలేదు, పక్కన నడుస్తూ ఈ వ్యాఖ్యానం చేసింది. దాని బరువు తోపుడు కన్నా ఎక్కువ.

ఎలాగో బండి అందుకుంది. పెళ్లిమండపం దగ్గర ఇంజను ఆపడానికి ధైర్యం చాలక, బండి గుడగుడమంటుంటే నేను దాని కాపలా ఉన్నాను. నా భోజనం విస్తరాకులో పొట్లం కట్టి తెచ్చారు.

మర్నాడు మగతనం నిరూపించుకోవడానికి పది నంబరు స్పానరు పట్టుకుని బ్యాటరీ విప్పడానికి దిగాను. ముందు ఎర్త్ తియ్యాలి, అంటే నల్లది. బిగించేటప్పుడు అదే ఆఖరిది. ఎందుకంటే బండి ఇనుమంతా ఆ మైనస్సుకే కలిసి ఉంటుంది. ఎర్త్ ఉండగా ఎర్రదాని మీద స్పానరు తిప్పుతుంటే దాని తోక బాడీకి తగిలిందా, షార్టే. నేను ఎర్రదాంతో మొదలుపెట్టాను. ఫట్‌మని నీలం మెరుపు. స్పానరు ఎగిరి కోళ్ల గంపలో పడింది. దాని అంచున బియ్యపుగింజంత ముక్క కరిగిపోయింది.

“ఏటండీ, ఏటయింది?” అంది ఆవిడ లోపల్నుంచి.

“ఏం లేదు, చెక్ చేస్తన్నాను.”

బ్యాటరీని బైకు ట్యాంకు మీద పెట్టుకుని, తొడలతో ఒడిసిపట్టుకుని నౌపడ మీదుగా టెక్కలి వెళ్లాను. గోతి వచ్చినప్పుడల్లా అది నా వైపే ఒరిగింది. కొట్టతను ముందు మీటరు పెట్టి చూశాడు. నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపించాలి, 12కి దిగిందంటే ఇంచుమించు అయిపోయినట్టే. నాది అంతకన్నా కిందే ఉంది. తర్వాత మూతలు తీశాడు. ఆరు గుంతల్లోనూ పలకలు తెల్లగా ఎండి, నీటిపైకి తేలి ఉన్నాయి. అన్నింటికన్నా ముందు అతని కంటబడింది మాత్రం బొట్లు.

“పూజ బాగా సేసినారు బావూ. నీల్లు పోసినారా?”

“ఈ మధ్య పోశాను.”

“ఏ నీల్లు?”

“ఆర్వో ప్లాంటువే. మంచి నీళ్లే.”

మా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుల భయంతో మంచినీళ్ల గురించి మనిషి ఎంత జాగ్రత్తగా ఉంటాడో, అంత జాగ్రత్తా బ్యాటరీ మీద చూపించాననుకున్నాను. మనిషికి మంచివైనా అందులో లవణాలు కొద్దో గొప్పో మిగులుతాయట, అవి పలకలకి పడవట. “మరి కొంచెం ఆసిడ్ పోస్తే లేచి కూర్చోదా?” అని అడిగాను, తెలివి చూపిద్దామని. ఎండకీ ఛార్జింగుకీ పోయేది నీళ్లే, ఆసిడ్ ఎక్కడికీ పోదు, ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, దాని మీద మళ్లీ ఆసిడ్ పోస్తే చిక్కబడి పలకల్ని తినేస్తుంది అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

పాతది తూకం చూసుకుని కొత్తదాని ధరలో తగ్గించాడు. అందులో సీసం ఉంది కదా, కరిగించి మళ్లీ బ్యాటరీయే చేస్తారు. కొత్తది ఏ కంపెనీ కావాలన్నాడు. గల్లా రామచంద్ర నాయుడు అమెరికా నుంచి తిరిగొచ్చి 1985లో మొదలుపెట్టిన అమర రాజా వాళ్లది, తిరుపతి దగ్గర కరకంబాడిలో ఫ్యాక్టరీ ఉన్నది అడిగాను. కొండ కింద పుట్టిన బ్యాటరీకి వేరే పూజ అక్కర్లేదని నా లెక్క. సీలు వేసిందే ఇచ్చాడు. “దీనికి నీల్లు పొయ్యక్కర్నేదు. మీలాటోల్ల కోసమే కనిపెట్టినారు,” అన్నాడు. టెర్మినళ్లు మాత్రం తిరుపతి నుంచి ఎవరూ వచ్చి తుడవరని కూడా అన్నాడు.

ఇక ఇంట్లో ఇప్పటిదాకా చెప్పని సంగతి. బ్యాటరీతో బైకు మీద వెళ్లిన ఆ ప్రయాణంలో నేను వేసుకున్నది కాటన్ ప్యాంటు, పెళ్లికి కొన్నదే. ఇంటికొచ్చాక చూస్తే మరక కూడా లేదు, హమ్మయ్య అనుకున్నాను. ఆసిడ్ పడ్డ గుడ్డ ఉతికితేగాని బయటపడదు. ఉతికి ఆరేసిన ప్యాంటు ఒళ్లో జల్లెడలా ఉంది. మా ఆవిడ సబ్బుని అనుమానించింది. సబ్బు మార్చింది. తర్వాత ఎలకల్ని అనుమానించింది. బోను కొంది. నేను రాత్రిపూట స్వయంగా బోనులో ఎండుచేప పెట్టాను. నాలుగైదు ఎలకలు నిజంగానే పడటంతో కేసు కొట్టేశారనుకున్నాను.

మొన్న ఆదివారం ఆవిడ క్యాలెండరులో ‘బండి’ అని కొత్త మాట రాసింది. గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలుపుకుని వచ్చి, బానెట్ ఎత్తమంది. నన్ను అడక్కుండానే ముందు నల్లది విప్పింది. క్లాంపు మూల అప్పుడే మొలిచిన పచ్చపిండి మీద సోడా నీళ్లు చుక్కచుక్కగా వదిలితే బుసబుసమని నురగ వచ్చి, కింద సీసం నిగనిగలాడింది. ఆరబెట్టి, బిగించి, వ్యాజిలిన్ వేలితో చుట్టూ రాసింది. తుడవడానికి ఆవిడ చేతిలో ఉన్న గుడ్డ ఎక్కడో చూసినట్టుందే అనుకుంటున్నాను. జేబు కనిపించింది.

“మంచి ప్యాంటు చింపేశావేటే?” అన్నాను, గొంతు పెగుల్చుకుని.

“ఏం పర్లేదు నెండి,” అంది తలెత్తకుండా. “దీనికి ఆసిడ్ కొత్తేటి?”