గుర్రాల లెక్క

మా పిన్ని కొడుకు దగ్గర 2001 నాటి హోండా సిటీ వీటెక్ ఉంది. పదిహేను వందల సీసీ ఇంజన్, టర్బో లేదు, కంపెనీ లెక్క ప్రకారం 106 గుర్రాల బలం. ఆర్పీఎం ముల్లు పైకెక్కేకొద్దీ ఆ ఇంజన్‌కు హుషారు పుడుతుంది. మన దేశంలో ఇప్పటికీ ఆ కారంటే ప్రాణం పెట్టేవాళ్లున్నారు. నాకూ ఇష్టమే.

ఈమధ్య వాడి బావ టర్బో కారు కొన్నాడు. ఒక లీటరు ఇంజనే, మూడు సిలిండర్లే, కానీ 120 గుర్రాలు. హైదరాబాద్ హైవే మీద వీణ్ని దాటుకుని వెళ్లిపోయాడు. అంతే, "అన్నయ్యా, ఎలాగైనా నా బండి పికప్ పెంచాలి" అంటూ నా వెంట పడ్డాడు.

బెజవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. అంబాసిడర్ల కాలం నుంచి ఇంజన్లు విప్పుతున్న చెయ్యి ఆయనది. ముందు ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ చూశాడు. నాలుగుసార్లూ గేజి ముల్లు ఇంచుమించు ఒకే గీత దగ్గర ఆగింది. వాల్వుల గ్యాప్ చూశాడు, టైమింగ్ బెల్టు గుర్తులు చూశాడు. "ఇంజన్ బంగారంలా ఉంది అబ్బాయ్. దీన్నెందుకు కెలుకుతావు?" అన్నాడు.

వాడు వినలేదు. అప్పుడు ఆయన విడమరిచి చెప్పాడు. టర్బో ఉంటే అది గాలిని బలవంతంగా లోపలికి తోస్తుంది. టర్బో లేని ఇంజన్‌కు బయటి గాలి పీడనమే దిక్కు. పదిహేను వందల సీసీ ఇంజన్ ఆరు వేల ఆర్పీఎం దగ్గర నిమిషానికి మహా అయితే నాలుగున్నర వేల లీటర్ల గాలి పీలుస్తుంది. ఆ గాలికి సరిపడా పెట్రోలే కాలుతుంది, కాలినదాన్నిబట్టే బలం వస్తుంది. ఇంకా కావాలంటే సిలిండర్‌లోకి గాలి మరింత నిండుగా దిగాలి, లేదా దాన్ని మరింత బిగించి కాల్చాలి, లేదా ఇంజన్ మరింత వేగంగా తిరగాలి. ఇదంతా ఇంజన్ కడుపులో పని. హోండావాళ్లే 1999లో ఎస్2000 కారుకు టర్బో లేకుండా రెండు లీటర్ల ఇంజన్‌లోంచి 240 గుర్రాలు తీశారు. అందుకు కంప్రెషన్ రేషియో 11కు చేర్చి, 9,000 ఆర్పీఎం దాకా తట్టుకునేలా లోపలి సామానంతా ప్రత్యేకంగా చేసుకున్నారు. ఫిల్టరు, సైలెన్సరు మారిస్తే వచ్చిన బలం కాదది.

"పైపైన మారిస్తే నాలుగైదు గుర్రాలొస్తే గొప్ప. అయినా నీ ఇష్టం. ఏం చేయించినా ముందు ఒకసారి డైనో మీద, అంటే చక్రాలను రోలర్ల మీద తిప్పించి బలం కొలిచే యంత్రం మీద కొలిపించు, తరవాత మళ్లీ కొలిపించు. ఆ రెండు అంకెలూ లేకుండా పైసా ఖర్చు పెట్టకు" అన్నాడు మేస్త్రి.

ఎంత మంచి మాట! నేనైతే ప్రతి ట్యూనింగ్ షాపు గోడ మీదా రాయిస్తాను దాన్ని. మావాడు మాత్రం ముందు కొలిపించలేదు. ఒక షాపులో ప్యాకేజీ మాట్లాడుకున్నాడు. గాలి ఫిల్టరు డబ్బా పీకేసి కోన్ ఫిల్టరు, ఎగ్జాస్టుకు కొత్త హెడర్లు, లావుపాటి సైలెన్సరు, ఇంజన్‌ను నడిపే కంప్యూటరు ఈసీయూకు తోడుగా ఒక పిగ్గీబ్యాక్ పెట్టె. మొత్తం లక్షా ఎనభై వేలు.

బండి తిరిగొచ్చిన రోజు వీధంతా దద్దరిల్లింది. బోనెట్ కింద ఎర్ర పైపు, కాళ్ల కింద మెత్తటి కొత్త మ్యాట్లు, వెనక చెయ్యి దూరేంత గొట్టం. "చూశావా అన్నయ్యా, రాకెట్!" అన్నాడు. నాకు శబ్దమే వినిపించింది. మేస్త్రికి చూపిస్తే, ఆయన ఎర్ర పైపు మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. కంపెనీ డబ్బా బయటి చల్లగాలి తెచ్చేది, ఇది బోనెట్ కింది వేడిగాలి పీలుస్తోంది. 15 డిగ్రీల దగ్గర ఉన్నంత గాలి 45 డిగ్రీల దగ్గర ఉండదు, అదే చోటులో పదో వంతు తగ్గిపోతుంది. మన మే నెలలో బోనెట్ కింద ఎంత కాగుతుందో మీకు చెప్పక్కర్లేదు.

చివరికి బెంగళూరులో డైనో దాకా వెళ్లాం. ఆ రోలర్లు ఎలా ఉంటాయో చూడాలని మేస్త్రి కూడా వచ్చాడు. ఇంజన్ దగ్గర 106 ఉన్నా గేర్‌బాక్సు రాపిడి పోను చక్రాల దగ్గర తక్కువే పడుతుంది, అది మామూలే. మావాడి బండికి 78 పడింది.

మా వెనకే ఇంకో సిటీ వీటెక్ ఉంది. అదే మోడలు, ఒక్క నట్టు కూడా మార్చని బండి. దానికి 87.

మావాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. రోలర్లు పాడయ్యాయన్నాడు, మళ్లీ కొలవమన్నాడు. మళ్లీ 78.

మేస్త్రి ఏమీ అనలేదు. ఇంజన్ ఆపించి, ఎర్ర పైపు ఊడదీసి, ఇంజన్‌లోకి గాలి వదిలే త్రాటిల్ బాడీలోకి టార్చి వేశాడు.

"యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు."

"తొక్కాను బాబాయ్."

"ఇంకా తొక్కు."

"ఇంక దిగదు బాబాయ్!"

లోపలి రేకు సగం తెరుచుకుని ఆగిపోయింది. మేస్త్రి వచ్చి డ్రైవరు సీటు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పెడల్ కింద బొటనవేలంత మందాన మెత్తటి మ్యాటు. దాని అంచుకు ఆని పెడల్ అక్కడే నిలిచిపోతోంది. ఆయన మ్యాటు లాగి బయట పడేశాడు. మళ్లీ తొక్కిస్తే రేకు నిలువునా తెరుచుకుంది. బండి మళ్లీ రోలర్ల మీదికెక్కింది. 91.

పక్క బండి కంటే నాలుగు ఎక్కువ. మేస్త్రి మొదట్లో చెప్పినంతే. మ్యాటు ఒక్కటే పదమూడు తినేసింది.

"ఈ మ్యాటు ఎంత పెట్టి కొన్నావు అబ్బాయ్?" అడిగాడాయన.

మావాడు తల దించుకున్నాడు.

"కొనలేదు బాబాయ్. ప్యాకేజీ తీసుకున్నానని ఆ షాపువాళ్లే ఫ్రీగా వేశారు."