ఏం చదువుతున్నారని అడిగితే

ఈ మధ్య ఏం చదువుతున్నారండీ అని అడిగితే తడుముకోకుండా నిజం చెప్పేసేవాళ్ళు ఇంకా కొందరున్నారు. పుస్తకం పేరు చెప్పడం, పైగా భలే ఉందనడం, అంతటితో ఊరుకోక అందులో ఒక ఘట్టం వినిపించడం! పరువుగా బతకదలచుకున్నవాళ్ళు చేసే పనేనా ఇది?

దేన్నయినా సరే మొదటిసారి చదువుతున్నట్టు బయటపడకండి. ‘మళ్ళీ చదువుతున్నాను’ అనండి. దీనికి పైసా ఖర్చు లేదు, రుజువులు అడిగేవాడూ లేడు. పుస్తకం మాత్రం లావుగా ఉండాలి. వేయిపడగలు శ్రేష్ఠం. ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ వెళ్ళి ఫుట్‌పాత్ మీద పాత ప్రతి ఒకటి వెతికి పట్టుకోండి. కొత్తది కొంటే దాని నిగనిగే మిమ్మల్ని పట్టిస్తుంది. పాతదాన్నయితే ఎవరో మహానుభావుడు మీ తరఫున ముందే చదివిపెట్టి ఉంటాడు. పెన్సిలు గీతలు, మార్జిన్లో ‘ఆహా’లు, నడిమధ్యన కాఫీ మరక, అదృష్టం బాగుంటే రంగు వెలిసిన ఆర్టీసీ టికెట్టు. ఆ టికెట్టును మూడొంతులు దాటాక ఏదో ఒక పేజీలో దూర్చి, పుస్తకాన్ని టీపాయ్ మీద నిర్లక్ష్యంగా పడేయండి. ఎవరైనా కాస్త లోతుకు దిగబోతే ‘పసిరిక...’ అని నిట్టూర్చండి. చదివినవాళ్ళు తలూపుతారు. చదవనివాళ్ళు ఇంకా గట్టిగా ఊపుతారు.

అప్పటికీ వదలకపోతే ‘ఊరికే ఇచ్చారా దీనికి జ్ఞానపీఠం’ అనేయండి. విశ్వనాథవారికి అది తెచ్చిపెట్టింది రామాయణ కల్పవృక్షం. ఆ సంగతి తెలిసినవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. 1970 దగ్గర మొదలుపెట్టి మిమ్మల్ని సరిదిద్దే సంబరంలో, మీరసలు చదివారా లేదా అన్నది అతగాడే మరిచిపోతాడు.

ఇంతకీ ప్రమాదమంతా మీకు నిజంగా నచ్చిన పుస్తకంతోనే. బారిష్టర్ పార్వతీశం చదువుతున్నారనుకోండి. మొగల్తూరు నుంచి సీమకు బయల్దేరిన ఆ కుర్రాడు దారిలో మోజుపడి టోపీ కొనుక్కుంటాడు. అది దొరసానులు పెట్టుకునే టోపీ అని తెలియక ఠీవిగా నెత్తిన పెట్టుకుంటాడు. రాత్రి పదకొండింటికి మీకు నవ్వాగదు, మంచం ఊగిపోతుంది. పక్క గదిలోంచి ‘ఏమైందండీ’ అని వినిపిస్తుంది. నిగ్రహం కావలసింది ఇక్కడే. లేచి వెళ్ళి టోపీ కథ అభినయించి చూపించారో, రేపు ఆవిడ చదువుతుంది, ఎల్లుండి వాళ్ళ తమ్ముడు పట్టుకుపోతాడు, ఆ తర్వాత ఆ పుస్తకం ఆచూకీ కోసం మీరు ఊరూరికీ ఫోన్లు చేసుకుంటూ కూర్చోవాలి. ‘ఏం లేదు, పొలమారింది’ అని లైటార్పేయండి. మర్నాడు ఆఫీసులో అడిగినవాళ్ళకు ‘వలసపాలనలో అస్తిత్వ సంక్షోభం మీద ఒక రచన చూస్తున్నాను’ అని చెప్పండి. అబద్ధమూ కాదు, అరువు అడిగేవాడూ ఉండడు.

నవ్వొచ్చింది, నిద్ర పట్టలేదు లాంటి మాటలు నోట రానివ్వకూడదు. శైలి, శిల్పం, చైతన్య స్రవంతి ఉండగా అవెందుకు? మూడోది నవీన్ అంపశయ్యకు అతికినట్టు సరిపోతుంది. ఉస్మానియాలో చదువుకునే రవి చేతిలో డబ్బుల్లేక ఆ ఒక్క రోజులో ఎంత నలిగిపోయాడో మాత్రం చెప్పకండి. వినేవాడికి తన హాస్టల్ రోజులు గుర్తొస్తే ఇక మీకు మాట్లాడే వంతు రాదు.

ఈ విషయంలో మన ఇళ్ళలోని ఆడవాళ్ళు చేసిన నష్టం ఇంతా అంతా కాదు. తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజుల్లో పత్రిక కొనేది ఒకరు, చదివేది వీధి వీధంతా. సీరియల్ అయిపోయాక ఆ కాగితాలు చింపి, వరసలో పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేవారు. కథకు వెనకవైపు తలనొప్పి మాత్రల ప్రకటన, సగం తెగిన జోకు. మధ్యలో ఒక వారం సంచిక దొరక్కపోతే ఆ భాగాన్ని ఎదురింటి పిన్నిగారు బియ్యం ఏరుకుంటూ నోటితో చెప్పేసేవారు. దయ్యం వచ్చే చోట గొంతు తగ్గించేవారు కూడా. రచయిత రాసినదానికంటే పిన్నిగారు చెప్పిందే ఎక్కువ భయపెట్టిందని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. ఆ కుట్టు పుస్తకం అట్ట ఊడి, మొదటి పేజీలు రాలిపోయి, పుట్టింటికొచ్చిన ఎవరి సంచిలోనో ఊరు దాటిపోయేది. విమర్శ లేదు, విశ్లేషణ లేదు, తిరిగి వస్తుందన్న ఆశ అసలే లేదు. బాగుంది కనక చదవమనడం! ఇదేం పద్ధతి?

అవతలివాళ్ళు తమ పుస్తకం గురించి మొదలుపెడితే మాత్రం జాలిగా చూడాలి. కాలాతీత వ్యక్తులు అన్నారా, ‘సినిమాగా కూడా తీశారుగా, చదువుకున్న అమ్మాయిలు’ అని సావిత్రి మీదికి మళ్ళించండి. డాక్టర్ పి. శ్రీదేవి ఇందిరను ఎంత కొత్తగా తీర్చిందో చెప్పాలని వాళ్ళు నోరు తెరిచేసరికి మీరు పాటల్లోకి వచ్చేసి ఉండాలి.

పిల్లల దగ్గర ఇంకాస్త కఠినంగా ఉండక తప్పదు. పదేళ్ళవాడు పుస్తకం చంకనేసుకుని పరిగెత్తుకొచ్చి, ‘అప్పుడేమో ఆ రాక్షసుడు లేడూ...’ అని కథను మధ్యలోంచి అందుకుంటాడు. కళ్ళింత చేసుకుని, చేతులు తిప్పుతూ. వింటున్నట్టు కనబడ్డారో, సాయంత్రం దాకా వదలడు. పైగా మీకూ ఆ రాక్షసుడు ఏమయ్యాడో తెలుసుకోవాలనిపిస్తుంది. వెంటనే ఆపండి. రచయిత పేరేంటి, ఏ సంవత్సరంలో వచ్చింది, దీనివల్ల నువ్వు నేర్చుకున్న నీతి ఏంటి అని వరసగా అడగండి. రెండుసార్లు అడిగితే చాలు, మూడోసారి పుస్తకం పట్టుకుని మీ దగ్గరికి రాడు. ఎదురింటి పిన్నిగారి దగ్గరికి పోతాడు.