లెస్సా, ఎక్సెస్సా?

మా పురపాలక సంఘ కార్యాలయపు వరండాలో రెండు గంటలసేపు కూర్చుండు యోగము పట్టిన ఏ పౌరునకైనను పదేపదే చెవినిబడు మాట ‘లెస్సు’. ఆ పని ఎంతకు పోయినదని ఒకరు ప్రశ్నింప, ఇరువదియేడు లెస్సునకని మరొకరు బదులు చెప్పుదురు. విన్నవారు పుణ్యకథ విన్నట్లు తలలూపుదురు. పూర్వము మన భాషలో లెస్స యనగా బాగు అని అర్థము. ఈ లెస్సు ఇంగ్లీషు వారి సొత్తే యైనను మా కౌన్సిలు వారి దృష్టిలో ఆ రెండింటికిని భేదము లేదు. అంచనా కంటె తక్కువకు పాడినవాడే సజ్జనుడు, వానికి పని యొసగుటయే సుపరిపాలనము, మిగిలిన సొమ్మంతయు ప్రజలకు ఆదా. ఈ సిద్ధాంతమును ప్రతి సమావేశమునందును అధ్యక్షపీఠము ప్రకటించును, సభ్యులు బల్లలు చరతురు, టేబుల్ అజెండా యను పేర ఆ నిమిషముననే పంచిపెట్టిన అంశములన్నియు, ఎవ్వరును చదువకమునుపే, ఒక్క ఊపిరిలో ‘ఆమోదించడమైనది’.

అంచనా యనునది ఇంజనీరుగారు తోచినట్లు వ్రాసిపడవేయు పత్రమని మీరు భ్రమపడరాదు. ఎస్.ఎస్.ఆర్. అని వాడుకలోనున్న ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టికను ముందు పరచుకొని, సిమెంటునకింత, ఇసుకకింత, కంకరకింత, మేస్త్రీ కూలి ఇంత యని వరుసగా కూర్చి, గుత్తేదారునకు న్యాయముగా దక్కవలసిన లాభమును సైతము అందులోనే కలిపి తేల్చిన మొత్తమది. అట్లు తేలిన 10 లక్షల రోడ్డును 7 లక్షల 30 వేలకే వేసియిచ్చెదనని ముందునకు వచ్చిన మహానుభావుడు తన లాభమును వదలుకొనుటయే గాక, మరికొంత ఎచ్చటినుండియో తెచ్చి పురప్రజలకు ధారపోయుచున్నాడన్నమాట. దధీచి వెన్నెముక నిచ్చెను. మావాడు సిమెంటు నిచ్చుట మానెను. త్యాగము రెండుచోట్లను ఒక్కటియే, విడిచిన వస్తువులో మాత్రమే తేడా.

ప్రభుత్వము ఈ త్యాగమును ఊహింపలేదనుట అన్యాయము. 2003లో నాటి ఉమ్మడి రాష్ట్రపు టెండరు సంస్కరణలు రెండు గీతలు గీసినవి. అంచనాపైన నూటికి 5 మించి కోరిన టెండరు చెల్లదనునది మీది గీత. నూటికి 25 మించి తగ్గించినవాడు, 75 పాళ్లకును తాను పాడిన మొత్తమునకును గల తేడాను ఒప్పందమునాడు అదనపు ధరావతుగా చెల్లింపవలెననునది క్రింది గీత. ఉద్దేశ ముత్తమమే. కాని 10 లక్షల పనిని 27 లెస్సునకు పాడినవానికి ఆ తేడా 20 వేలు మాత్రమే. దానికి జంకువాడు ఈ వృత్తిలో అడుగిడనే యిడడు.

సరే, నా సందేహమిది. ఒకే ఊరిలో, ఒకే ధరల పట్టికపై, సిమెంటు బస్తా ధర ఎక్కడను మారని ఒకే మాసమునందు, ఒక వార్డులోని రోడ్డు 27 లెస్సునకును దాని ప్రక్క వార్డులోని రోడ్డు 4.9 ఎక్సెస్సునకును పోవుట ఎట్లు పొసగును? ప్రక్క వార్డులో నేల మరింత గట్టిదా? కంకర పిరమా? ఈ ధర్మసూక్ష్మమును విప్పి చెప్పినవాడు మా వీధి చివరి టీకొట్టు యజమాని. గుత్తేదార్లు తగవులాడుకొన్న నెలలో లెస్సు, రాజీపడిన నెలలో ఎక్సెస్సు. టెండరు కొలుచునది రోడ్డు విలువను గాదు, వారి మైత్రిని. ఉష్ణమాపకమును చంకలో నుంచినట్లు ప్రభుత్వము ఏటేట వందలాది టెండర్లను పిలిచి ఆ స్నేహపు జ్వరమును మాత్రమే నమోదు చేయుచున్నది.

టెండరు పెట్టె యుండిన కాలములో ఈ మైత్రి కార్యాలయపు మెట్లమీదనే వెలసియుండెడిది. ఎవడు పైకెక్కవలయునో ఎవడెక్కరాదో నిర్ణయించు కండగల యువకులు మధ్యాహ్నము మూడు గంటలవరకు అచట నిలిచి, గడువు ముగిసినపిదప అందరును కలిసి కాఫీ త్రాగిపోయెడివారు. ఆ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంటు వచ్చినది. పెట్టె అటకెక్కినది, ఇంటనుండియే కంప్యూటరులో టెండరు వేయవచ్చుననిరి, ఆ కంప్యూటరునకు మెట్లు లేవు గనుక మెట్లమీదివారు లాడ్జి గదిలోనికి మారిరి. ఇప్పుడు అందరికిని ‘రింగు’ అగుట యను శుభకార్యము అచటనే జరుగుచున్నది. పని యెవనిదో తేలును. తక్కినవారు తప్పుకొన్నందులకు గుడ్‌విల్ ముట్టును. పోటీ జరిగినట్లు కనబడవలెను గనుక బావమరది పేర 4.99 ఎక్సెస్సునకు ఒక టెండరు పడును, బావ పేర 4.90నకు మరియొకటి పడును. నూటికి తొమ్మిది పైసల తేడాతో బావ గెలుచును. కాగితములలో వ్రేలు పెట్టుటకు వీలులేదు. ఆడిటరు వచ్చి పచ్చసిరాతో గుర్తుపెట్టి పోవును.

గుత్తేదార్లందరును ఇట్టివారేయని నేను నిందింపజాలను. చేసిన పనికి బిల్లు రాక రెండేండ్లు ఖజానా చుట్టు తిరిగి, ఇంటనున్న బంగారము కుదువబెట్టి కూలీలకు చెల్లించినవాడొకడు నాకు పరిచితుడే. నికరముగా రోడ్డు వేసినందున ఊరిలో వాని తెలివితేటలను గూర్చి సదభిప్రాయము లేదు.

పెద్ద పని యైనచో ఇన్ని తంతులు. చిన్నదైనచో నామినేషను మీద నచ్చినవానికే ఇచ్చివేయవచ్చును. చిన్నదనగా నెంత యనునది జీ.ఓ. మారినపుడెల్ల మారుచుండును గాని పెద్దదానిని చిన్నవిగా నరకు విద్య మాత్రము మారలేదు. మా వీధి రోడ్డు కాగితములలో ఒక రోడ్డు కాదు. గుడినుండి వేపచెట్టువరకు నొకటి, వేపచెట్టునుండి రేషను దుకాణమువరకు నొకటి, అచటినుండి మలుపువరకు నింకొకటి. వేసినవాడొక్కడే. దానికి రెండేండ్ల పూచీ యున్నదని సంబరపడితిమి. పదునొకండవ నెలలో నీటి గొట్టములవారు నడుమ తవ్విపోయిరి, తవ్విన రోడ్డునకు పూచీ నాదికాదని ఆయన సెలవిచ్చెను, ఆ గండి ఇప్పటికిని మా గర్భిణీ స్త్రీలకు ఆటోలో అగ్నిపరీక్షగా నున్నది.

ఇవన్నియు ఒక యెత్తు, పూడికతీత యొక యెత్తు. రోడ్డు వేయకున్న కంటికి కనబడును. మురుగు కాలువలో పూడిక తీసినదియు తీయనిదియు తొలివాన తరువాత ఒక్కతీరుననే యుండును. సాక్ష్యమును వరుణదేవుడే స్వయముగా తుడిచివేయు గుత్త మరియొకటి లేదు. మొన్న వేసవిలో నలుగురు మనుష్యులు వచ్చి, మా గుమ్మము ముందు ఒక పూట పారలాడించి, తీసిన నల్లని బురదను కాలువ గట్టునే గుట్టగా పోసి, ‘ఎండినాక ట్రాక్టరు వస్తుంది’ అని చెప్పి పోయిరి. గుట్ట ఎండినది. ట్రాక్టరు రాలేదు. మూడవ వారమునకు గుట్టపై తోటకూర మొలిచినది.

కుతూహలము పట్టలేక 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ పెట్టి, కొలతల పుస్తకమునుండి మా వీధికి సంబంధించిన పుటను తెప్పించుకొంటిని. ఎం.బుక్కు అనబడు ఆ గ్రంథము పవిత్రమైనది. పుటలకు సంఖ్యలుండును, దిద్దుబాటు కూడదు, అసిస్టెంటు ఇంజనీరు వ్రాసినదానిని పైయధికారి సరిచూచి సంతకము చేయవలెను. చేసియున్నారు. మా గుమ్మము ముందరి పొడవు 30 మీటర్లు, వెడల్పు 0.45, లోతు 0.75, వెరసి తీసిన పూడిక 10.125 ఘనపు మీటర్లు. దశాంశ బిందువు తరువాత మూడు స్థానములవరకు నిజము చెప్పిన ఆ చేతికి నమస్కరించి, మా మనుమని టేపు తీసికొని కాలువలోనికి దింపితిని. అడుగు సిమెంటు మొదలు గట్టు అంచు వరకు 0.60 మీటర్లు.

అరువది సెంటీమీటర్ల కాలువనుండి డెబ్బదియైదు సెంటీమీటర్ల పూడిక ఎట్లు వెడలినదో చెప్పుడని ఆ యువ ఇంజనీరును ఒకనాడు సంతలో పట్టుకొని అడిగితిని. సంచిలో వంకాయలు సర్దుకొనుచు అతడు మిక్కిలి మర్యాదగా, ‘అప్పట్లో పూడిక గట్టు పైకి పొంగి ఉంది కదండీ మాస్టారూ, ఆ పొంగు కూడా కలిపాం’ అనెను.

మృగశిర కార్తె తొలివానకు గుట్టయు తోటకూరయు కలిసి కాలువలోనికే జారినవి. రాబోవు వేసవికై పూడికతీత అంచనా సిద్ధమైనది. మా గుమ్మమెదుట 30 మీటర్లు, 0.45, 0.75. తోటకూరకు మాత్రము ధరల పట్టికలో ప్రత్యేకముగా పద్దు లేదట.