బాగున్నదాన్ని ఎందుకు అమ్మారు?

గోదారొడ్డున, దుమ్ముగూడెం మండలంలో నెట్ సెంటర్ నడిపేవాడికి కంప్యూటర్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నదానికంటే ఎంత తొందరగా మోసుకుపోగలమన్నదే ముఖ్యం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మన పెద్దాయన ప్రింటర్‌ను అటక మీదికి ఎక్కించాడు గానీ, బల్ల కింది కంప్యూటర్‌కు చేతులు చాలలేదు. వరద తీశాక విప్పి చూస్తే మదర్‌బోర్డు నిండా ఒండ్రే. అప్పట్నుంచీ ఒక ముసలి ల్యాప్‌టాప్‌తో నెట్టుకొస్తున్నాడు.

అందుకే మినీ డెస్క్‌టాప్ మీద కన్నుపడింది. కిలోన్నరకు మించదు. 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేలోపే సంచీలో వేసుకుని గుట్టెక్కేయొచ్చు. గాలిదుమారానికి అడవిలో ఏ కొమ్మో తీగల మీద పడి కరెంటు పోయినా, లోపలున్నది 35 వాట్ల ప్రాసెసర్ కాబట్టి ఇంటి ఇన్వర్టర్ మీదే నడిచిపోతుంది.

కొత్తదే కొనిపెడతానని దసరాకి కొడుకు అన్నాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. ఉగాదికల్లా మాట మార్చాడు. "ఎందుకు నాన్నా, రీఫర్బిష్డ్ చాలు. ప్రాసెసర్ ఎనిమిదో జనరేషన్‌కి తక్కువ మాత్రం తీసుకోకు." తండ్రికీ సబబే అనిపించింది. పైగా ఈమధ్య పట్టపగలు ఫోన్ చేసినా మొదటి రింగుకే ఎత్తి, ఓపిగ్గా అన్నీ చెబుతున్నాడు.

భద్రాచలంలో బస్సు మారి ఖమ్మం చేరాడు. షాపు కుర్రాడు మెత్తటి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, రెండు డబ్బాలు ముందు పెట్టాడు. ఏడో జనరేషన్‌ది 7 వేలు, ఎనిమిదోది 11 వేలు.

"ఏడోదాన్ని ఎందుకు వదిలించుకున్నారో నాకు తెలుసులే" అన్నాడు పెద్దాయన. విండోస్ 11 దాన్ని అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కేమో 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. ఇంట్లో సినిమాలు చూసుకునేవాడైతే లైనక్స్ వేయించుకుని ఆ 4 వేలూ మిగుల్చుకోవచ్చు, నన్నడిగితే చాలామందికి అదే లాభం. కానీ ఊరందరి ఆధార్లూ, వేలిముద్రలూ, పోడు పట్టాల కాగితాలూ వచ్చిపోయే మిషన్‌తో ఆ చెలగాటం కుదరదు.

ఎనిమిదోదాన్ని దగ్గరికి లాక్కున్నాడు. ఎస్‌ఎస్‌డీ ఇప్పటికి ఎన్ని గంటలు పనిచేసిందో తెర మీద చూపించమన్నాడు. మూత తీయించి ఫ్యాన్‌లో దుమ్ము చూశాడు. అడాప్టర్‌ను తిప్పి, కంపెనీదేనా, వాట్లు సరిపోతాయా అని కళ్లజోడు పెట్టుకుని మరీ చదివాడు. వీటికి పవర్ సప్లై బయటే ఉంటుంది. డూప్లికేట్ తగిలిస్తే కొన్ని మోడళ్లు దాన్ని గుర్తుపట్టక, ప్రాసెసర్ వేగాన్ని అవే తగ్గించేసుకుంటాయి. ఇది కొడుకు చెప్పిన సంగతే.

ఏ వంకా దొరకలేదు. అదే ఆయనకు మింగుడుపడలేదు. సంతలో పళ్లూ సుళ్లూ అన్నీ బాగున్న ఎద్దు చవగ్గా వస్తుంటే ఏ రైతుకైనా వచ్చే అనుమానమే వచ్చింది.

"బాగున్నదాన్ని ఎందుకు అమ్మారు బాబూ?"

"దీనికి రోగమేం లేదు బాబాయ్, కంపెనీయే ఎత్తేశారు. సంక్రాంతి ముందు అందర్నీ ఒక్క పూటలో ఇంటికి పంపేశారట. ఫ్లోరు ఫ్లోరంతా లాటుగా అమ్మేస్తే మావాళ్లు తెచ్చారు. కంప్యూటర్లు, ఏసీలు, టీ మిషన్‌తో సహా. మీరు కూర్చున్న కుర్చీ కూడా అక్కడిదే."

పెద్దాయన డబ్బాను బోర్లించాడు. అడుగున సగం గీకేసిన స్టిక్కర్, దాని మీద నీలం రంగు గుర్తు. దసరా సెలవులకొచ్చినప్పుడు కొడుకు మెడలోంచి తీసి మేకుకు తగిలించిన కార్డు మీద ఉన్నది అదే.

ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తాడు.

"ఎక్కడున్నావురా?"

"ఇంకెక్కడుంటా నాన్నా, ఆఫీసులో. నా సీట్లోనే ఉన్నా, చెప్పు."