ఓపెన్ వరల్డ్ బాబు

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ తిరిగే జనంలో జావా కుర్రాణ్ణీ డేటా సైన్స్ కుర్రాణ్ణీ వేరు చేసి చెప్పడం కష్టం. ఇద్దరి చేతిలోనూ జిరాక్స్ నోట్సే, ఇద్దరి మొహంలోనూ వీసాయే. ఓపెన్ వరల్డ్ బాబు మాత్రం వాళ్లలో కలవడు. మిర్చి బండి దగ్గర అందరూ బజ్జీ వంక చూస్తుంటే ఇతను మరిగే నూనె వంక చూస్తాడు. "ఈ మెరుపు గేమ్‌లోకి తేవాలంటే గ్రాఫిక్స్ కార్డు కాలిపోద్ది" అంటాడు. ఈలోగా బజ్జీ చల్లారిపోతుంది. ఎస్సార్ నగర్ సందుల్లో పెచ్చులూడిన గోడ కనిపిస్తే చాలు, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీస్తాడు. గేమ్‌లో గోడలకు అతికించడానికి టెక్స్చర్ కావాలట. మున్సిపాలిటీ మనిషేమోనని హడలి, లోపలికి పిలిచి టీ పోసిన ఇంటి ఓనర్లు కూడా ఉన్నారు.

ఇతని సొంతూరు వరంగల్ అవతల ఒక మండల కేంద్రం. ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది గానీ, దాన్ని ఒక్క గుక్కలో చదవలేం. ఇంట్లో చర్చ నడుస్తుండగానే ఇతను హైదరాబాద్ వచ్చి, గేమ్ డిజైన్ డిప్లొమా బోర్డు చూసి, మెట్లెక్కేశాడు. అడ్మిషన్ల మేడమ్ అడిగింది ఒకటే ప్రశ్న. "గేములు ఆడతావా?"

"పొద్దస్తమానం మేడమ్."

"ఇంకేం, సగం కోర్సు అయిపోయినట్టే!"

రోజూ ఆర్టీసీ బస్సెక్కేవాణ్ణి పట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టడం అంటే ఇదే. కానీ బాబుకు ఆ మాట వేదవాక్కు. ఫీజు మొదటి వాయిదా అక్కడికక్కడే ఫోన్‌పేలో కట్టించాడు, బాపు చేత.

తీరా మొదటి వారం కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. సార్ వచ్చి అట్టముక్కలు, పెన్సిళ్లు, చింతగింజలు బల్ల మీద పోశాడు. పులి-మేక గీయించాడు. 3 పులులు, 15 మేకలు. "మేకలు 15 ఎందుకు? ఒకటి తగ్గించి ఆడండి. తర్వాత ఒకటి పెంచి ఆడండి" అన్నాడు. మధ్యాహ్నమంతా ఆడారు. ఒక మేక తగ్గితే పులుల చేతిలో మేకలు చిత్తు, ఒకటి పెరిగితే పులులకు ఊపిరాడదు. రెండు పక్షాల బలం వేరైనా గెలుపు అవకాశం ఎవరికీ పూర్తిగా పోకుండా తూచడాన్ని బ్యాలెన్సింగ్ అంటారని చివర్లో చెప్పాడు. ఆ సార్ మీద నాకు గౌరవం. బాబుకు మాత్రం కోపం. గ్రాఫిక్స్ లేని పులిని అతను పులిగా ఒప్పుకోడు.

రెండో వారం 1985 నాటి సూపర్ మారియో మొదటి తెర చూపించారు. అక్కడ సూచనలేమీ రాసి ఉండవు. ఎడమ చివర మారియో, ముందంతా ఖాళీ. కాబట్టి ఎవడైనా కుడివైపే నడుస్తాడు. నాలుగడుగులు వేసేసరికి ఎదురుగా పుట్టగొడుగులాంటి శత్రువు వస్తుంది. ఎగరకపోతే చస్తాడు. చచ్చినా పోయిందేమీ లేదు, పది క్షణాల్లో మళ్లీ అక్కడికే వస్తాడు. నేర్పుతున్నానని చెప్పకుండానే ఆట అంతా నేర్పేసింది. క్లాసు మొత్తం నోరు తెరిచి విన్నది. బాబు కూడా తలూపి, పుస్తకంలో శ్రద్ధగా రాసుకున్నాడు: "మన గేమ్‌లో ట్యుటోరియల్ 40 నిమిషాలు."

ఆ చదువుతో దసరాకు ఊరెళ్లి నాయనమ్మ దగ్గర వైకుంఠపాళిని విమర్శించాడు. "అందులో ఆడేటోనికి నిర్ణయమే లేదు నాయనమ్మా. అంతా గవ్వలదే. డిజైన్ మంచిగ లేదు."

"పాము మింగినప్పుడల్లా ఏడ్సి గవ్వలు మళ్ల ఏసేటోనివి గదరా, దాన్నేమంటరు మీ బడిల?"

బాబు కాసేపు ఆలోచించాడు. "సేవ్ చేసిన కాడికెళ్లి మళ్ల ఆడుడు అంటరు."

ఇక అతని సొంత గేమ్. కాకతీయుల ఓరుగల్లు మొత్తం కట్టాలి. కోట, చెరువులు, చుట్టూ 200 ఊళ్లు. ఆటగాడు ఏ దిక్కుకైనా వెళ్లవచ్చు, ఎవరి ఇంట్లోకైనా దూరవచ్చు. దాన్నే ఓపెన్ వరల్డ్ అంటారు. ప్రతి గ్రామస్థుడికీ వేరే గొంతు, వేరే గోత్రం. వాన పడితే నల్లరేగడి బంకబంకగా అంటుకోవాలి. 2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో చలికి గుర్రం వృషణాలు కూడా ముడుచుకుంటాయి. ఆ స్థాయి సూక్ష్మత ఉండాలని బాబు పట్టు. ఆ గేమ్‌కు ఏళ్ల తరబడి వేలమంది పనిచేశారు. బాబు బృందంలో నలుగురు. నలుగురికీ రాజమౌళి కావాలనే ఉంది గానీ లైట్లు పట్టుకుంటానన్నవాడు ఒక్కడూ లేడు. కోడ్ ఎవరు రాయాలన్న చర్చ వాట్సాప్‌లో సంక్రాంతి దాకా సాగి, చివరకు గ్రూప్ పేరు మార్చడంతో ముగిసింది.

డిజైన్ డాక్యుమెంట్ 84 పేజీలయింది. గేమ్‌గా తయారైంది మాత్రం ఒక పచ్చటి చదరం, దాని మీద ఒక బూడిదరంగు డబ్బా. ఆ డబ్బాయే రుద్రమదేవి. స్పేస్ బార్ నొక్కితే ఎగరాలి. ఎగురుతుంది. ఒక్కోసారి దిగదు.

ఎంతవరకు వచ్చిందని ఎప్పుడడిగినా ఇతని జవాబు "80 శాతం." ఉగాదికీ 80, బోనాలకీ 80. ఇంకా గట్టిగా అడిగితే డ్యూక్ నూకెమ్ ఫరెవర్ కథ చెబుతాడు. 1997లో ప్రకటించిన ఆ గేమ్ 2011లో గానీ బయటికి రాలేదు. అంత ఆగి కొన్నవాళ్లు దాన్ని ఎంత తిట్టిపోశారో మాత్రం చెప్పడు.

బాపు దగ్గర ఆ కథ నడవదు కాబట్టి అక్కడ స్టార్‌డ్యూ వ్యాలీ కథ. "అమెరికాల ఒక్కడే చేసిండు బాపూ. బొమ్మలు, కోడు, సంగీతం అన్ని ఒక్కడే. నాలుగున్నరేండ్లు కూసున్నడు. 2016ల రిలీజైంది, లక్షల మంది కొన్నరు. అది కూడ వ్యవసాయం గేమే!"

రెండెకరాల పత్తితో కుస్తీ పడుతున్న బాపుకు వ్యవసాయంలో లాభమన్న మాట కొత్తగా వినిపించింది. అయినా తేరుకుని అసలు సంగతి అడిగాడు. "గా నాలుగున్నరేండ్లు కిరాయి ఎవలు కట్టిన్రు?"

బాబు అబద్ధమాడడు. "ప్రియురాలు సాయం జేసింది. ఆయన కూడ థియేటర్ల జనానికి సీట్లు సూపెట్టేటోడు."

"మనూర్ల ఉన్న ఒక్క టాకీసును ఫంక్షన్ హాల్ జేసిరి గదరా. నువ్వేడ సూపెడ్తవ్?"

ప్రియురాలి ప్రస్తావన ఇద్దరూ మర్యాదగా దాటేశారు.

ఆఖరి డెమో రోజు వచ్చింది. మాదాపూర్ స్టూడియో నుంచి ఒక ఎగ్జామినర్. డబ్బా స్థానంలో రాత్రికి రాత్రి ఉచిత బొమ్మ ఒకటి దించి రుద్రమదేవిని నిలబెట్టారు. యానిమేషన్ అతకలేదు కాబట్టి ఆవిడ రెండు చేతులూ బారజాపి కొయ్యలా నుంచుంది. నాలుగడుగులు వేసింది. నేలకు కోలైడర్ పెట్టడం మరిచారు. కోలైడర్ లేని నేల కంటికే నేల, కంప్యూటర్‌కు గాలి. మహారాణి భూమిలోంచి జారి కిందికి పడిపోసాగింది. కదలిక నునుపుగా కనిపించాలంటే సెకనుకు 60 బొమ్మలు గీయాలి, అంటే ఒక్కో బొమ్మకు 17 మిల్లీసెకన్లు కూడా ఉండవు. బాబు ల్యాప్‌టాప్ సెకనుకు నాలుగు గీసింది. అందుకని ఆ పతనం చాలాసేపు, ఎంతో గంభీరంగా సాగింది.

"ఎక్కడికి పోతోంది?" అన్నాడు ఎగ్జామినర్.

"సొరంగమార్గం సార్. మిగతాది పార్ట్ టూలో."

ఆయన నవ్వలేదు. "ఇలా ఇంకెక్కడెక్కడ పడుతుంది?" అన్నాడు. బాబు కాగితం చూడకుండా గడగడా అప్పజెప్పాడు. తూర్పు ద్వారం ఎడమ స్తంభం పక్కన, పరిగెడుతూ ఎగిరితేనే. చెరువుగట్టు మూడో మెట్టు మీద, వెనక్కి నడిస్తేనే. గుర్రం దిగిన వెంటనే మలుపు తిరిగితే గుర్రంలోకి. ఏడాదిగా అతను చేసింది గేమ్ కాదు గానీ, అందులోని ప్రతి చిల్లూ అతనికి కంఠస్థం. ఎగ్జామినర్ పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు.

నెల తిరక్కుండా టెస్టర్ ఉద్యోగం వచ్చింది.

"ఏం పని బిడ్డా?" అమ్మ ఫోన్లో అడిగింది.

"గోడలకు గుద్దుకోవాలె అమ్మా. గేమ్‌ల ఉన్న అన్ని గోడలకు."

"పొద్దందాకనా?"

"పొద్దందాక. గోడలకెళ్లి అవతలికి పడితె రాసియ్యాలె. పడకపోతె పక్క గోడ."

ఆవిడ కొంచెంసేపు ఏమీ అనలేదు. "దెబ్బలు తాకుతయా?" అని మాత్రం అడిగింది.

నిజానికి తాకేది గోడ దెబ్బ కాదు. ఎలా నడిస్తే, ఏ బటన్ నొక్కితే, ఎన్నోసారికి తప్పు వచ్చిందో వరుసగా రాసి పంపితే, ప్రోగ్రామర్ ఒక్క ముక్కలో తిప్పి పంపుతాడు: "నా మెషీన్‌లో బాగానే ఉంది." అప్పుడు మళ్లీ అదే గోడకు, అదే వేగంతో, వీడియో తీస్తూ గుద్దుకోవాలి.

అమ్మ చుట్టాలతో "మావోడు గోడల నాణ్యత సూస్తడు, పెద్ద కంపెనీ" అని చెప్పుకుంది. ఆ మాట ఊళ్లూ దాటి మేనమామ దాకా పోయింది. కొత్తిల్లు కట్టి ఏడాది కాలేదు, వంటింటి గోడ చెమ్మెక్కుతోంది, ఆదివారం వచ్చి చూసి పొమ్మని కబురు. బాబు వెళ్లాడు. అలవాటు కొద్దీ రిపోర్టు కూడా రాసిచ్చాడు: ఏ మూల, నేల నుంచి ఎన్ని అడుగులు, పై ట్యాంకు నిండాక ఎంతసేపటికి, ఎటు కారుతోంది. మేనమామ ఆ కాగితం మేస్త్రీ చేతిలో పెట్టాడు. మేస్త్రీ దాన్ని కింద నుంచి పైకి ఒకసారి చూశాడు.

"నేను కట్టినప్పుడు మంచిగనే ఉండె" అన్నాడు.