తొమ్మిది పేర్ల మస్టర్

మా షెడ్డులో పద్నాలుగు మంది పనిచేసేవాళ్లు. మస్టర్‌లో మాత్రం తొమ్మిది పేర్లే ఉండేవి. మిగిలిన ఐదుగురినీ లేబర్ కాంట్రాక్టరు మనుషులని చెప్పి, జీతాల లెక్క ఒక చిన్న నోటుబుక్కులో రాసుకునేవాణ్ని. పదికి చేరితే ఫ్యాక్టరీల చట్టం వస్తుంది, ఈఎస్ఐ బీమా వస్తుంది, ఇన్‌స్పెక్టర్ వస్తాడు. కార్మిక చట్టాల గురించి నాకు తెలిసిందల్లా ఇంతే. బాలానగర్‌లో పవర్ ప్రెస్‌లు పెట్టుకుని జాబ్ వర్క్ చేసే నాలాంటివాళ్లు చాలామంది ఆ తొమ్మిది దగ్గరే ఆగేవారు. చట్టం దాటలేదు కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను.

2020 సెప్టెంబరులో పార్లమెంటు వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ను ఆమోదించింది. కరెంటు వాడే చోటును ఫ్యాక్టరీ అనాలంటే ఇదివరకు పదిమంది ఉంటే చాలు, ఇకమీదట ఇరవై మంది ఉండాలని అందులో ఉంది. పేపర్లో ఆ ముక్క చదివి పొంగిపోయాను. మేం పద్నాలుగు మందిమే కాబట్టి ఇక ఏ బాదరబందీ లేదనుకున్నాను. చట్టం ఆమోదం పొందడం వేరు, అమల్లోకి రావడం వేరు అన్న చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. ఆ కోడ్ అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న, మిగతా మూడు లేబర్ కోడ్‌లతో కలిసి. అప్పటిదాకా నడిచింది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే, పదిమంది లెక్కే. అమల్లో లేని సడలింపును అయిదేళ్లపాటు నాకు నేనే ఇచ్చుకున్నాను.

ఆ ధీమాతో చేసిన పనుల్లో ఒకటి ప్రెస్ గార్డు తీయించడం.

ప్రెస్ మీద పనేమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. షీటు ముక్కను డై మీద పెట్టాలి, పెడల్ తొక్కాలి, పైనుంచి ర్యామ్ దిగి ముక్కను కోస్తుంది, దాన్ని తీసి ఇంకోటి పెట్టాలి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇదే. మా దగ్గరున్నవి పాతకాలపు కీ క్లచ్ ప్రెస్‌లు. స్ట్రోక్ మొదలైందంటే మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు. ర్యామ్ కిందికి వచ్చేలోపు చెయ్యి లోపలికి పోకుండా అడ్డుపడేది గార్డు ఒక్కటే. అది ఉంటే ముక్క పెట్టడానికీ తీయడానికీ కాస్త ఎక్కువసేపు పడుతుంది, గంటకు పడే స్ట్రోకులు తగ్గుతాయి. పీస్ రేటు మీద పనిచేసే ఆపరేటర్లకూ అది ఇబ్బందే. తర్వాత చాలాసార్లు "వాళ్లే తీసేశారు" అని చెప్పుకున్నాను. అది అబద్ధం. అర్జెంటు ఆర్డరొకటి ఉన్నప్పుడు ఫోర్‌మన్‌ను పిలిచి విప్పమన్నది నేను. ఆర్డరు అయిపోయాక తిరిగి బిగించమని చెప్పలేదు.

నోటుబుక్కు పేర్లలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ముప్పై ఏళ్ల ఆపరేటర్ ఒకడుండేవాడు. నెలకు పన్నెండు వేలు పడేవి. ఆ ప్రెస్ మీద కుడిచేతి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి మాకు ఎంతో దూరం లేదు. అతనికి కార్డు లేదు కాబట్టి అక్కడికి కాకుండా ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు తీసుకెళ్లాను. బిల్లు కట్టాను, చేతిలో కొంత డబ్బు పెట్టాను, ఇక రావలసిందేమీ లేదని కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను. ఎడమచేత్తో పెట్టాడు. "మీరు మంచోరు బాబూ" అని కూడా అన్నాడు. ఆ మాట నమ్మి ఇంటికి వెళ్లి పడుకున్నాను.

కొన్నాళ్లకు ఆ కాగితాన్ని ఒక కార్మిక న్యాయవాదికి చూపించాను. నాకు రక్షణేనా అని అడగడానికే వెళ్లాను తప్ప పశ్చాత్తాపంతో కాదు. ఆయన రెండు దారులుగా విడదీసి చెప్పారు.

మీ షెడ్డులో నిజంగా తొమ్మిదిమందే ఉన్నారనుకుందాం అన్నారు. అప్పుడు ఈఎస్ఐ లేదు. కానీ ప్రమాదం జరిగినప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ఉంది. కరెంటుతో నడిచే తయారీ పనికి ఆ చట్టం తలలు లెక్కపెట్టదు, ఒక్క మనిషి ఉన్నా వర్తిస్తుంది. ఒక చేతి రెండు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 20 శాతం పోయినట్టని దాని షెడ్యూల్లో ఉంది. పన్నెండు వేలలో 60 శాతం 7,200. ముప్పై ఏళ్లవాడికి గుణకం 207.98. ఆ వచ్చినదాంట్లో 20 శాతం, అంటే దాదాపు మూడు లక్షలు యజమాని కట్టాలి. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ. పరిహారం హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన కాగితం అదే చట్టం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు.

మీరు పద్నాలుగు మందిని పెట్టుకుని తొమ్మిదని రాశారు కాబట్టి రెండో దారి చూద్దాం అన్నారు. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాడినీ ఫ్యాక్టరీల చట్టం కార్మికుడిగానే చూస్తుంది. యంత్రాలు తిరుగుతుండగా లోపల కనిపించిన మనిషి అక్కడి పనివాడేనని 103వ సెక్షన్ ముందే అనుకుంటుంది. ఈఎస్ఐ లెక్కలోనూ ఐదుగురూ మీవాళ్లే. యజమాని చందా కట్టినవాళ్లకే కాదు, కట్టాల్సి ఉండీ కట్టనివాళ్లకు కూడా ఆ బీమా ఉన్నట్టే. ఈఎస్ఐ కార్పొరేషన్ అతనికి ఇవ్వాల్సింది ఇచ్చి, మీ దగ్గర వసూలు చేసుకుంటుంది. నెలకు యజమాని వాటా జీతంలో 3.25 శాతం, అతని విషయంలో 390 రూపాయలు. అది కట్టి ఉంటే వైద్యం, కోలుకునేదాకా జీతంలో దాదాపు 90 శాతం, ఆ తర్వాత పోయిన శక్తి మేరకు బతికినంతకాలం పింఛను, అన్నీ వాళ్లే చూసుకునేవారు.

390 రూపాయలు. ఆ అంకె విన్నాక చాలాసేపు నా నోట మాట రాలేదు. చట్టానికి దొరక్కుండా ఉన్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. చట్టం అతన్ని ఎప్పుడూ వదల్లేదు. అతనికి హక్కుగా రావలసినదాని దారికి అడ్డంగా కూర్చున్నది నేను. సంతకం పెట్టించుకున్నప్పుడు ఆ మనిషి నాకు కృతజ్ఞత చెప్పాడంటే, తనకేం రావాలో అతనికి తెలియకపోవడం వల్ల. తెలియజేయాల్సినవాణ్ని నేనే.

ఇంకొకటి నన్ను ఇప్పటికీ వెంటాడుతుంది. 2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో యాభై మందికి పైగా చనిపోయారు. కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. గేటు దగ్గర ఫోటోలు పట్టుకుని నిలబడ్డ కుటుంబాలను టీవీలో చూస్తుంటే, మా షెడ్డులో ఏదైనా అయితే ఆ ఐదుగురూ లోపల ఉన్నారని ఏ కాగితం చెబుతుంది అన్న ప్రశ్న మొదటిసారి వచ్చింది. అంత ఘోరం జరిగేదాకా ఆ ప్రశ్న రాకపోవడం నా తప్పు. కొత్త కోడ్ ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలంటోంది. గుమాస్తా పని పెరుగుతుందని విసుక్కునేవాళ్లను చూస్తున్నాను. పేరు, పని, జీతం, చేరిన తేదీ ఉన్న ఒక్క కాగితం ఆ ఆపరేటర్ దగ్గర ఉంటే నేను అతన్ని అంత తేలిగ్గా పంపించగలిగేవాణ్ని కాను.

ఈఎస్ఐ నమోదు చేయించాను. పాత బకాయిలు వడ్డీతో కట్టాను. అతన్ని మెడికల్ బోర్డు ముందుకు పంపే కాగితాలు పెట్టించాను. శాతం ఎంత రాస్తారో తేలాలి. పద్నాలుగు పేర్లూ మస్టర్‌కెక్కాయి.

ఇప్పుడు పక్క షెడ్లవాళ్లు కొత్త గీత గురించి అడుగుతున్నారు. ఇరవైకి పెరిగిందట కదా, పంతొమ్మిది దగ్గర ఆపేస్తే సరిపోతుందా అని. ఫ్యాక్టరీ అన్న పేరుకు ఇరవై కావాలి, నిజమే. కానీ పదిమంది ఉంటే చాలు, భద్రత కోడ్ వర్తిస్తుంది, ప్రమాదం లేని పనిచోటు కల్పించే బాధ్యత యజమానిదే అవుతుంది, ఈఎస్ఐ కూడా అక్కడినుంచే. శిక్షలూ పెరిగాయి. భద్రతలో తప్పు వల్ల ఎవరికైనా తీవ్రమైన గాయమైతే పాత చట్టంలో కనీస జరిమానా 5,000, కొత్త కోడ్‌లో 2 లక్షలు. అందులో సగానికి తగ్గకుండా బాధితుడికి ఇప్పించే అధికారం కోర్టుకుంది. ఇవన్నీ వాళ్లకు చెబుతున్నాను. కొందరు వింటున్నారు.

గార్డులు బిగించాక స్ట్రోకులు తగ్గాయి. పీస్ రేటు మీద ఉంచితే ఆపరేటర్లే మళ్లీ విప్పుతారని నెల జీతాలకు మార్చాను. ముక్క ధర పెంచమని మాకు పనిచ్చే కంపెనీలను అడిగాను. గార్డు ఖర్చు కూడా ధరలో భాగమేనని, ఇన్నేళ్లూ మేం తక్కువకు ఒప్పుకున్నది ఆపరేటర్ల చేతులను పణంగా పెట్టి అని చెప్పాను. ఒక కంపెనీ కొంత పెంచింది. ఇంకొకటి పనిని వేరే షెడ్డుకు ఇచ్చేసింది. ఆ షెడ్డు యజమాని నాకు తెలిసినవాడే. వాళ్ల ప్రెస్‌కు గార్డు ఉందో లేదో చూసిరావడానికి రేపు వెళుతున్నాను.