ఒక థర్మల్ పేస్ట్ కథ

ఈ థర్మల్ పేస్ట్ ఉండేది ఆత్మకూరులో ఒక డీటీపీ షాపు కంప్యూటర్‌లో. ప్రాసెసర్‌కూ, దాని వేడిని లాగేసే లోహపు హీట్‌సింక్‌కూ నడుమ పలుచని పొర అది. సిలికోన్ నూనెలో జింక్ ఆక్సైడ్, అల్యూమినియం ఆక్సైడ్ వంటి పొడులు కలిపితే పుట్టింది.

పైకి నున్నగా కనిపించే ఆ రెండింటి లోహపు ఉపరితలాల మీదా కంటికి ఆనని గుంటలుంటాయి. వాటిలో గాలి నిలిస్తే వేడి దాటదు. ఆ గాలిని తోసేసి గుంటలు నింపడమే ఈ పేస్ట్ పని. వేడిని మోయడంలో అది గాలికన్నా ఎన్నో రెట్లు మేలు, రాగికన్నా చాలా తక్కువ. అందుకే పొర మందమైతే తానే అడ్డమవుతుంది.

కంప్యూటర్ వేసినప్పుడు లోహం వ్యాకోచిస్తుంది, ఆపితే సంకోచిస్తుంది. ఏళ్ల తరబడి ఆ కదలికకు పేస్ట్ అంచులకు జరుగుతుంది. నూనె విడిపోయి పొడి గట్టిపడుతుంది. గుంటల్లోకి మళ్లీ గాలి చేరుతుంది. అదే దాని ముసలితనం.

అయితే ఎండాకాలంలో దానికి లేని ముసలితనం అంటగట్టే ప్రమాదం ఉంది. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. గది వేడి 28 నుంచి 40కి చేరితే, అదే పని చేస్తున్న ప్రాసెసర్ కూడా ఇంచుమించు 12 డిగ్రీలు పెరుగుతుంది. అందులో పేస్ట్ తప్పేమీ లేదు. ప్రాసెసర్ వేడిలోంచి గది వేడిని తీసేసి, మిగిలినదాన్నే పోల్చాలి. ఒకే పనికి ఆ తేడా మొదట 35 డిగ్రీలుండి ఇప్పుడు 50 అయితే అనుమానించాలి. ముందు హీట్‌సింక్ రెక్కల్లో దుమ్ము దులిపి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి. అప్పటికీ తేడా తగ్గకపోతే పేస్ట్ మార్చాలి. మూడు నుంచి అయిదేళ్లకోసారి అనేది ఉజ్జాయింపు లెక్కే. హీట్‌సింక్ ఊడదీస్తే మాత్రం, నిన్న పూసినదైనా తుడిచి కొత్తది పెట్టాల్సిందే.

పాత పొరను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, ఆరాక ప్రాసెసర్ నడిమధ్యన చిన్న బఠాణీ గింజంత పేస్ట్ పెడితే చాలు. హీట్‌సింక్ స్క్రూలను ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగిస్తే అది సమంగా పరుచుకుంటుంది. ఆ రోజే గది వేడి, ప్రాసెసర్ వేడి రాసిపెట్టుకుంటే, కొత్త పేస్ట్ ఎప్పుడు మార్చాలో ఆ అంకెలే చెబుతాయి.